గవ్వలమెట్ట ఊపిరి

మొన్న మంగళవారం స్కూటీ తీద్దామని మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగాను. మధ్యాహ్నం మూడు దాటింది. బయట ఆకు కదలడం లేదు, ఒళ్లంతా జిడ్డు. అయినా కాలి మడమల దగ్గర చల్లగాలి తగిలింది. ఎక్కడినుంచా అని చూస్తే, మూలనున్న పాత నూతి ఇనప మూత సందులోంచి. తడిసిన గవ్వలూ తుప్పూ కలిసిన వాసన. దాంతోపాటు సన్నగా ఒక ఈల, వస్తూ, ఆగుతూ. వాచ్‌మన్ అప్పారావు ఆ మూత పక్కన గొంతుక్కూచుని బోల్టులు విప్పుతున్నాడు. నా మొహం చూసి, "ఏం లేదండి అమ్మగారూ, ఉత్త గాలే," అన్నాడు. ఆ మాట అతనిది కాదు, నాది. అచ్చంగా అదే మాట, ఇదే మెట్ట మీద, ఇదే నూతి గట్టున నిలబడి, చాలా ఏళ్ల కిందట నేను ఒక తల్లితో అన్నాను. ఆ మాట నాకు నేర్పినవారు సోమయాజులు గారు.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి. చొక్కా ఎడమ జేబు ఎప్పుడూ కిందికి వేలాడుతూ ఉండేది, అందులో రాళ్లుండేవి గనక. ఎక్కడ నుయ్యి తవ్వితే నీళ్లు పడతాయో చూసి చెప్పే చిన్న సర్వే ఆఫీసుకి ఆయన ఆఫీసరు. రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో, కారే పెంకుల కింద ఆ ఆఫీసు నడిచేది. తొంభైల్లో నేను మ్యాపులు గీసే ఉద్యోగానికి అందులో చేరాను. మొదటిరోజే నా బల్ల మీద ఎర్రటి రాయి ఒకటి పెట్టి, "నాకి చూడమ్మా రత్నం," అన్నారు. వేళాకోళమేమో అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. సరే, ఉద్యోగం కదా అని కళ్లు మూసుకుని నాకాను. నాలుక అంటుకుపోయింది. "అంటుకుంటే బంకమట్టి ఉన్నట్టు. గరగరలాడితే ఇసుక. కంటికంటే నాలుక నయం," అన్నారు. ఆ సాయంత్రం మా అమ్మతో చెబితే, "ఇదేం ఉద్యోగమే, రాళ్లు నాకిస్తారా!" అని నోరు నొక్కుకుంది.

ఆయనది కోనసీమ. "మా వైపు పది నిలువులు తవ్వినా ఒండ్రే తగులుతుంది. రాయంటే రుబ్బురోలు, లేదంటే దేవుడు. మూడో రాయిని నేను రాజమండ్రి వచ్చాకే చూశాను," అనేవారు. అందుకేనేమో ఊరి చివర ఉన్న గవ్వలమెట్ట అంటే ఆయనకి ప్రాణం. బస్సులోంచి చూస్తే పడుకున్న గేదె వీపులా కనిపించే ఎర్రటి మెట్ట అది, పొడుగు రెండు మైళ్లుంటుందేమో. పైన ఎర్రకంకర పెంకు, గునపం వేస్తే ఖంగుమంటుంది. దాని కింద ఇసుకరాయి, తేనెపట్టులా సన్న సన్న చిల్లులతో. ఆ ఇసుకరాయి అడుగున సున్నపురాయి పొర ఒకటి, దాన్నిండా గవ్వలు. ఆ కిందంతా నల్లరాయి. సముద్రం ఇక్కడికి బస్సులో మూడు గంటల దూరం. మరి గవ్వలు ఎలా వచ్చాయండీ అంటే, "సముద్రం మనకంటే ముందు ఇక్కడే అద్దెకుండేదమ్మా. ఖాళీ చేసేటప్పుడు సామాను మర్చిపోయింది," అనేవారు.

అద్దెకి అంటే గుర్తొచ్చింది, ఆ మెట్ట మీద అప్పుడప్పుడే కట్టిన కాలనీలో నేనూ మా అమ్మా అద్దెకి దిగాం. అద్దె తక్కువ. ఎందుకు తక్కువో వారం తిరక్కుండానే తెలిసింది. మా ఇంటి వెనక పాత నుయ్యి ఒకటి ఉండేది, మీద రాతి బండ మూసి. పొద్దుటిపూట దానికేమీ ఉండదు, పిల్లలు ఆ బండ మీదెక్కి ఆడుకునేవాళ్లు. మధ్యాహ్నం అయ్యేసరికి కాలనీ మొత్తం తలుపులేసుకునేది. మూడు గంటలప్పుడు ఆ బండ సందులోంచి మూలుగు మొదలయ్యేది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన పసిబిడ్డ ఇంకా ఏడవబోతున్నట్టు ఉండేది. వాన ముసురు పట్టే ముందైతే రోజల్లా మూలిగేది. పట్టపగలు, నెత్తిన ఎండ పెట్టుకుని, పెరట్లో బట్టలారేస్తూ ఆ గొంతు వింటే నాకు వీపు మీద చెమట చల్లబడిపోయేది. మెట్ట కిందనున్న పాత పేటవాళ్లు, "నూతమ్మ ఊపిరి వదులుతోంది, ఆ వేళప్పుడు గట్టు దాపులకి పోకూడదు," అనేవారు. మా అమ్మ గుమ్మానికి పసుపు రాసి ఊరుకుంది. నేను మాత్రం సెలవురోజు కూడా మధ్యాహ్నాలు ఆఫీసుకి పోయి కూర్చునేదాన్ని. డిగ్రీ చదివి దయ్యానికి భయపడుతున్నానని చెప్పుకోడానికి సిగ్గు.

కానీ సోమయాజులు గారు పసిగట్టేశారు. "సెలవునాడు వచ్చి పాత మ్యాపుకి రంగులేసేవాళ్లని నేనింతవరకు చూళ్లేదు. ఏంటి సంగతి?" అని అడిగారు. చెప్పేశాను. ఆ ఆదివారమే పొద్దున్న తొమ్మిదింటికి మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, న్యూస్‌పేపరు ముక్కలు చింపి బండ సందు మీద పెట్టారు. ఎవరో లోపలినుంచి లాగినట్టు ముక్కలు సందులోకి దూరిపోయాయి. మా అమ్మ కెవ్వుమంది. ఆయన మా ఇంట్లోనే భోంచేసి, మూడింటిదాకా ఉండి, అవే ముక్కలు మళ్లీ పెట్టారు. ఈసారి లేచి ఎగిరిపోయాయి. చూడ్డానికి ఆడవాళ్లందరూ చేరారు. "మెట్టంతా చిల్లులమ్మా. ఆ చిల్లుల నిండా గాలి. పైన గట్టి పెంకు మూత. బయట గాలి బరువు పెరిగితే మెట్ట పీలుస్తుంది, తగ్గితే వదుల్తుంది. రోజూ మధ్యాహ్నం బరువు తగ్గుతుంది, తుఫానుకి ముందు మరీ తగ్గుతుంది. దానికున్న ముక్కు ఈ నుయ్యి ఒక్కటే," అని చెప్పారు. తర్వాత నావైపు తిరిగి సంబరంగా, "చూశావా, ఊపిరి అన్న పేరు వాళ్లు సరిగ్గానే పెట్టుకున్నారు. అనవసరంగా భయం ఒకటి తగిలించారు," అన్నారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఆయన మీద నాకు కలిగిన భక్తి ఇంతా అంతా కాదు. మర్నాటి నుంచి కనబడినవాళ్లందరికీ నేనే చెప్పడం మొదలుపెట్టాను, "ఏం లేదండి, ఉత్త గాలే" అని.

భయం పోయేసరికి అందరికీ నీళ్లు గుర్తొచ్చాయి. మెట్ట మీదికి పంపులు రాలేదు. మా అమ్మతో సహా అందరూ బిందెలతో దిగి ఎక్కాల్సిందే. ఎండాకాలం వస్తే చచ్చే చావు. ఇంత నుయ్యి ఉంచుకుని ఈ తిప్పలెందుకు, పూడిక తీయించి వాడుకుందాం అన్నారు. పాత పేటలో వీర్రాజు అని నూతిపని చేసే అతనున్నాడు. ముప్పయ్యేళ్లుంటాయి, కబుర్ల పోగు. అతని తల్లి మంగమ్మ చేంతాడు పట్టుకుని గట్టున నిలబడితేగానీ దిగేవాడు కాదు. వాళ్ల పని తీరు వేరు. పొద్దున్న ఎండ నూతిలోకి దిగాక దిగాలి, నీడ తిరిగేసరికి పైకొచ్చేయాలి. దిగేముందు మంగమ్మ ఒక చిన్న ఉట్టిలో ఆముదం దీపం పెట్టి, ఏడు మూరలకోసారి ఆపుతూ అడుగుదాకా దింపేది. దీపం వెలుగుతూ ఉంటే, "దిగరా," అనేది. అలా పదిరోజులు పని సాగింది. వీర్రాజు బురదలోంచి గవ్వలు ఏరి గట్టు మీద వరసగా పెట్టేవాడు. "రత్నంగారూ, సముద్రం మీకు సారె పంపిందండి, ఆయ్," అని నాకో దోసెడు ఇచ్చాడు కూడా.

పదకొండో రోజు మబ్బు పట్టింది. వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారు. వానొస్తే గట్టున పోసిన పూడికంతా మళ్లీ నూతిలోకే పోతుందని కాలనీవాళ్ల కంగారు. మధ్యాహ్నం కూడా పనిచేసి ముగించేయమన్నారు. సోమయాజులు గారు కూడా వచ్చి ఉన్నారు. మంగమ్మ ఒప్పుకోలేదు, అయినా అందరి పోరూ పడలేక దీపం దింపింది. రెండో ఆపు దగ్గర అది ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దింపింది. మళ్లీ అక్కడే ఆరింది. "తల్లి వద్దంటోంది బాబుగారూ," అంది. ఆయన నెమ్మదిగా, మర్యాదగానే చెప్పారు. "చూడమ్మా, గాలి ఆడని నూతిలో దిగితే ప్రమాదం, నిజమే. ఇక్కడ ఇంత గాలి కొడుతోంది కదా. గాలి కొట్టేచోట ఊపిరాడకపోవడం ఏంటి? ఆ గాలికే దీపం ఆరుతోంది." తన సంచిలోంచి మూడు బ్యాటరీల టార్చి తీసి, వెలిగించి, అదే ఉట్టిలో పెట్టి దింపారు. అడుగు బురద మెరిసేదాకా అది వెలుగుతూనే ఉంది. "చూశావా, ఆరలేదు," అన్నారు. వీర్రాజు నవ్వి పంచె ఎగ్గట్టాడు. అప్పుడు మంగమ్మ నావైపు చూసింది. అంతమందిలో నన్నే ఎందుకు అడిగిందో నాకిప్పటికీ తెలియదు. ఆ పదిరోజులూ ఆవిడకి మజ్జిగ ఇచ్చింది నేనని కాబోలు. "ఏమ్మా, నువ్వేమంటావ్?" అంది.

"సార్ చెప్పారు కదండీ. ఉత్త గాలే," అన్నాను.

వీర్రాజు ఏదో పాట కూనిరాగం తీస్తూ దిగాడు. సగం దూరంలో పాట ఆగింది. కేక లేదు, ఏమీ లేదు. మంగమ్మ చేతిలో చేంతాడు ఒక్కసారి గుంజి, వదులైపోయింది. కింద బురదలో పడ్డ చప్పుడు, ఆ వెంటనే మూలుగు, మామూలుగానే. ఇంకొకతను దిగబోతే సోమయాజులు గారు అతని నడుం పట్టుకుని వెనక్కి లాగేశారు. పేపరు చుట్టి, వెలిగించి నూతిలోకి వదిలారు. మంట పద్నాలుగు మూరల దగ్గర మాయమైంది. "ఊగలేదు," అన్నారాయన. "గాలికి ఆరే మంట ఊగి ఆరుతుంది. ఇది ఊగలేదు రత్నం." మెట్ట వదిలే గాలి ఏళ్ల తరబడి రాతిలో మగ్గిన గాలి, అందులో ప్రాణవాయువు ఉండదు. పొద్దుటిపూట బయటి మంచిగాలి లోపలికి పోతుంది గనక పదిరోజులూ ఏమీ కాలేదు. అది ఆయనకి ఆ క్షణంలో అర్థమైంది. మంగమ్మ వాళ్లకి తరాలుగా తెలుసు.

ఎవరూ దిగడానికి వీల్లేకపోయింది. కొక్కేలు వేసి చూశారు, అందలేదు. గాలివాన మొదలై చీకటి పడుతున్నా అడుగున టార్చి వెలుగుతూనే ఉంది. పైనుంచి తొంగి చూస్తే ఆ వెలుతురులో బురద, గవ్వలు, ఒక చెయ్యి కనిపించేవి. అంతమంది మనుషులం పైన ఉన్నాం, కింద ఎవరో చదువుకోడానికి దీపం పెట్టుకున్నట్టు ఆ వెలుతురు. మర్నాడు పొద్దున్న వాన వెలిసి, మెట్ట మళ్లీ గాలి పీల్చాక, దీపం దింపి, అది నిలిచాక, అతన్ని తీశారు. టార్చి పచ్చబడి ఇంకా కొద్దిగా వెలుగుతోంది. దాన్ని ఆర్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.

పై ఆఫీసుకి రిపోర్టు పంపాలి. 'ప్రమాదవశాత్తు' అని రాస్తే సరిపోతుందని అందరూ సలహా ఇచ్చారు. ఆయన 'నా పొరపాటు వల్ల' అని రాసి సంతకం పెట్టారు. పదోన్నతి ఆగింది, అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం పన్నెండు రోజులయ్యాక జరిగింది. నన్ను వెంటబెట్టుకుని మంగమ్మ ఇంటికి వెళ్లారు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను, దుమ్మెత్తిపోస్తుందనుకున్నాను. అలా చేసినా బాగుండేది.

"మా దీపం ఆరింది. వాడు ఆగాడు," అంది. "మీ దీపం ఆరలేదు కదా బాబుగారూ. అందుకని దిగాడు."

ఆయన అరుగు కిందే, మట్టిలో కూలబడిపోయారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. కళ్లు తుడుచుకుని, "ఆ దీపం ఎలా దింపుతారో నాకు నేర్పమ్మా," అన్నారు. ఆవిడ లేచి తలుపేసుకుంది. మేం లేచి వచ్చేశాం. ఆయన మరో వారం వెళ్లారు, ఆ పై వారం వెళ్లారు. నేనూ వెంట వెళ్లిన నాలుగోసారి ఆవిడ లోపలికి వెళ్లి ఉట్టి తెచ్చి ఆయన ముందు పడేసింది. వత్తి ఎంత లావుండాలి, ఏడు మూరలకి ఎంతసేపు ఆగాలి, ఆరిన వత్తి పొగ ఎటు పోతే ఏంటి, అన్నీ చెప్పింది, మొహం పక్కకి తిప్పుకునే. ఆయన నోట్‌బుక్కులో రాసుకున్నారు. నావైపు మాత్రం ఆవిడ చూడనేలేదు.

ఆ తర్వాత మా ఆఫీసు ఫారాల్లో ఒక గడి మారింది. రాయి రంగు, నీటి మట్టం, మట్టి రకం అనే వాటి చివర 'స్థానిక నమ్మకాలు' అని ఒకటుండేది. దాన్ని ఎప్పుడూ అడ్డంగా కొట్టేసేవాళ్లం. దాని స్థానంలో ఆయన నాతో కొత్త గడి గీయించారు: 'ఇక్కడివాళ్లు దేనికి, ఏ వేళ భయపడతారు?' పై ఆఫీసువాళ్లు నవ్వారు. నవ్వనీండి. పట్టిసీమ అవతల ఒక రేవులో పొద్దు వాలాక ఎవరూ స్నానానికి దిగరని రాసుకుని, పోయి చూస్తే, నీటి అడుగున ఇసుక జారే గుంట దొరికింది. అన్నిసార్లూ ఏదో ఒకటి దొరికిందని అబద్ధం చెప్పను. చాలాచోట్ల ఏమీ లేదు, ఉత్త భయమే. అలాంటి చోట్ల కూడా ఆయన, "ఏమీ లేదు" అని మాత్రం రాయనిచ్చేవారు కాదు. "మనకి దొరకలేదు అని రాయమ్మా," అనేవారు.

నూతికి మళ్లీ బండ పడింది. రిటైరయ్యాక ఆయన మెట్ట మీదే ఒక గది అద్దెకి తీసుకున్నారు. గోడకి గాలి బరువు చూపించే బారోమీటరు, కిటికీలో ఆముదం దీపం. బారోమీటరు ముల్లు పడిపోయిన ప్రతిరోజూ నూతి దగ్గర కర్రకి ఎర్రగుడ్డ కట్టి, కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కాలనీ పిల్లలు 'నూతి పంతులు' అని పిలిచేవారు. ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళితే, బండ సందు మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఉన్నారు. "వదుల్తోంది," అన్నారు. "నీ భయం పోగొట్టాను అనుకుని ఎంత మురిసిపోయానో రత్నం. ఆ భయం ఇక్కడ కాపలా కాస్తోందని నాకు తట్టలేదు. కాపలావాడిని పంపేసి, తలుపు తీసిపెట్టాను," అన్నారు. తలుపు తీసినవారు ఆయనైతే, "వెళ్లు" అన్నదాన్ని నేను. ఆ సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. తర్వాత జబ్బుచేసి కూతురింటికి వెళ్లి అక్కడే పోయారు. మంగమ్మ అంతకు ముందే పోయింది. మెట్ట సగం చదునైంది, నూతి మీద అపార్ట్‌మెంటు లేచింది, మోటారు పెట్టి ఇనప మూత వేశారు. తెలిసి తెలిసి అందులో ఫ్లాటెందుకు కొన్నావే అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను.

మంగళవారం అప్పారావు ఆఖరి బోల్టు విప్పి మూత జరిపాడు. "మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు ఇరుక్కుందండి. లోపల మెట్లున్నాయి, రెండు నిమిషాల పని. ఫోన్లో టార్చి కూడా ఉందండి, ఆయ్," అని చూపించాడు. తెల్లటి వెలుతురు, ఆరే రకం కాదు. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ అగ్గిపెట్టె, కొవ్వొత్తి ముక్క ఉంటాయి. నేను చాటుగా చుట్ట కాలుస్తానని ఆఫీసులో చాలాకాలం చెప్పుకున్నారు. కొవ్వొత్తిని అతని బకెట్లో నిలబెట్టి, వెలిగించి, తాడుతో దింపాను. ఏడు మూరలు, ఆపాను. ఇంకో నాలుగు మూరలు పోగానే మంట ఊగకుండా, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు, పోయింది.

"గాలికి ఆరిందండి," అన్నాడు అప్పారావు.

గాలి, పీడనం, ప్రాణవాయువు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అతని కళ్లలో అప్పటికే తొందర ఉంది, ఒక కాలు మెట్టు మీద ఉంది. "నూతమ్మ ఊపిరి వదులుతోంది. ఇప్పుడు దిగినవాడు పైకి రాడు. రేపు పొద్దున్న ఎండెక్కాక దిగు," అన్నాను. ఆ కాలు మెల్లగా వెనక్కి వచ్చింది. "చదువుకున్నోరు, మీరు కూడా ఇవన్నీ నమ్ముతారాండీ?" అన్నాడు, గొంతు తగ్గించి. నమ్ముతానన్నాను. కారణాలు మర్నాడు పొద్దున్న, అతను పని ముగించి పైకొచ్చి టీ తాగుతుండగా చెప్పాను.

ఆ మధ్యాహ్నం మాత్రం మూత బిగించి, కుర్చీ తెచ్చుకుని దాని పక్కనే కూర్చున్నాను. అప్పారావు కూడా ఎటూ పోకుండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఈల వస్తూ, ఆగుతూ ఉంది. ఇన్నేళ్లుగా ప్రతిసారీ ఆ ఈల ఆగినప్పుడల్లా నాకు ఒక్క మాటే వినిపిస్తుంది, "ఏమ్మా, నువ్వేమంటావ్?" అని.

"దిగొద్దంటానమ్మా," అన్నాను, పైకే. అప్పారావు నావైపు చూసి, ఎవరితో మాట్లాడుతున్నానో అడగబోయి, వంగి మూత బోల్టు ఇంకో చుట్టు బిగించాడు.